ఒంగోలులో మూడు రోజుల నాయకత్వ శిక్షణ: పంచాయతీ కార్యదర్శులకు ఎంతవరకు పనికొస్తుంది?

పంచాయతీ కార్యదర్శులకు, సర్పంచులకు, గ్రామ సచివాలయ సిబ్బందికి కలిపి ఒంగోలులో నిర్వహిస్తున్న మూడు రోజుల నాయకత్వ శిక్షణ తరగతులకు వెళ్ళవచ్చా అని మా మండలంలో చాలామంది కార్యదర్శులు అడుగుతున్నారు. ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో ఒక పంచాయతీకి కార్యదర్శిగా పనిచేస్తూ ఆ తరగతులకు హాజరై వచ్చాను గనుక నా అభిప్రాయం ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మొదటి రోజు, మూడో రోజు పాఠాలు మన ఉద్యోగానికి నేరుగా అక్కరకు వచ్చేవి. రెండో రోజు మధ్యాహ్నం మొత్తం వృథా అయింది. అయినా పిలుపు వస్తే తప్పక వెళ్ళవలసిన శిక్షణే ఇది. కొన్ని లోపాలను కూడా చెప్పవలసి ఉన్నందున నిర్వహించిన సంస్థ పేరు రాయడం లేదు. ఆ లోపాలు ఇలాంటి తరగతులు నడిపే అందరూ సరిదిద్దుకోవలసినవే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనకు దొరికే శిక్షణ 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం, రిజిస్టర్లు, పన్నుల విధింపు, బిల్లులు, ఆడిట్ అభ్యంతరాలు వీటి చుట్టూ సాగుతుంది. అవి రాకపోతే ఒక్క రోజు కూడా గడవదు. అయితే 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు ప్రారంభమైన తరువాత కార్యదర్శి పని తీరే మారిపోయింది. ఇంజనీరింగ్ అసిస్టెంట్, డిజిటల్ అసిస్టెంట్, వెల్ఫేర్ అసిస్టెంట్, సర్వేయర్, ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎం, మహిళా పోలీస్ ఒకే భవనంలో కూర్చుంటారు గానీ, ఒక్కొక్కరి మీద అజమాయిషీ ఒక్కొక్క శాఖది. ఊరి జనానికి ఈ శాఖల తేడాలతో పని లేదు. వీధిలైటు వెలగకపోయినా, పింఛను ఆగినా, సర్వే రాయి కదిలినా వాళ్ళు నిలదీసేది కార్యదర్శినే. ఆజ్ఞాపించే అధికారం అంతగా లేకుండా అందరి చేతా పని చేయించవలసిన ఈ పరిస్థితిని ఎలా నెట్టుకురావాలో ఏ నియమావళిలోనూ లేదు. ఈ శిక్షణ ఆ లోటును పట్టించుకుంది.

మొదటి రోజు పాఠం చెప్పినాయన ఎంపీడీఓగా (మండల పరిషత్ అభివృద్ధి అధికారిగా) పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. స్వాగత వచనాలు త్వరగా ముగించి, బోర్డు మీద ఒక సమస్య రాశారు. నడివేసవి, కాలనీ చివరి వీధికి వారం రోజులుగా నీళ్ళు అందడం లేదు, ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చి సచివాలయం మెట్ల మీద కూర్చున్నారు, సర్పంచ్ ఊళ్ళో లేరు, ఇంజనీరింగ్ అసిస్టెంట్ మండల సమావేశానికి వెళ్ళాడు, మోటారు కాలిపోయిందని ట్యాంకు మనిషి చెబుతున్నాడు. ఇప్పుడేం చేస్తారో జట్లుగా కూర్చుని రాయమన్నారు. గ్రామీణ నీటి సరఫరా అసిస్టెంట్ ఇంజనీరుకు ఫోన్ చేస్తామని, ట్యాంకర్ తెప్పిస్తామని, మోటారు రీవైండింగ్‌కు పంపిస్తామని అన్ని జట్లూ ఇంచుమించు ఒకటే రాశాయి. ఆయన కాగితాలన్నీ చదివి, "అంతా బాగుందండీ, మెట్ల మీద కూర్చున్న ఆ తల్లులతో ఎవరు మాట్లాడారు? ఒక్క కాగితంలోనూ ఆ మాట లేదే" అన్నారు. గదిలో కాసేపు ఎవరూ నోరెత్తలేదు. ముందు బయటికి వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడాలని, నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలిస్తే ఆ వేళ చెప్పాలని, తెలియకపోతే ఎప్పటికల్లా తెలుస్తుందో చెప్పి ఆ వేళకు తిరిగి వెళ్ళి మాట నిలబెట్టుకోవాలని ఆయన వివరించారు. కార్యదర్శిగా చేరేవారికి మొదటి వారంలోనే నేర్పించవలసిన పాఠం ఇది.

సచివాలయ సిబ్బంది విషయంలో ఆయన చెప్పిన పద్ధతి కూడా ఆచరణకు లొంగేదే. ఉదయం పావుగంట అందరూ నిలబడే మాట్లాడుకోవాలి. ఎవరు, ఏ పని, ఎప్పటికి అన్న మూడు గడులు గీసిన ఒక నోట్‌బుక్కులో రాసుకోవాలి. మర్నాడు ఆ పుటతోనే మాటలు మొదలుపెట్టాలి. వేరే శాఖ ఉద్యోగి పని సరిగా చేయనప్పుడు పైవారికి ఫిర్యాదు రాయడం మనకు బాగా అలవాటు. బాగా చేసినప్పుడు కూడా ఆ శాఖ మండలాధికారికి నాలుగు వాక్యాల ఉత్తరం రాయమని, ఆ ప్రతిని ఆ ఉద్యోగికే అందరి ముందు ఇవ్వమని ఆయన చెప్పారు. ఊరికి తిరిగి వచ్చాక మా ఏఎన్ఎం గురించి అలాంటి ఉత్తరం వైద్యాధికారికి పంపాను. శుక్రవారం డ్రైడే నాడు దోమలు పెరగకుండా తొట్లు, కుండీలు ఖాళీ చేయించడానికి ఆమె ఇప్పుడు మా పారిశుధ్య సిబ్బందిని తానే పిలుచుకొని వీధుల్లోకి వెళుతోంది. ఉత్తరం వల్లనే ఇది జరిగిందని గట్టిగా చెప్పలేను, కానీ ఆమెకూ మాకూ మధ్య ఉన్న బిగువు తగ్గిన మాట నిజం.

ఆ సాయంత్రం తాగునీటి మీద జరిగిన తరగతి నాకు అన్నిటికంటే నచ్చింది. నాయకత్వ శిక్షణలో బ్లీచింగ్ పౌడర్ సంగతి దేనికని మొదట కొందరు పెదవి విరిచారు. పాఠం పూర్తయ్యేసరికి వాళ్ళే ఎక్కువ ప్రశ్నలు వేశారు. 40,000 లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకుకు, వెయ్యి లీటర్లకు 4 గ్రాముల లెక్కన, 33 శాతం క్లోరిన్ ఉన్న పౌడర్ 160 గ్రాములు కావాలి. దాన్ని నేరుగా ట్యాంకులో కుమ్మరించకుండా ప్లాస్టిక్ బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీటిని మాత్రమే పోయాలి. అరగంట ఆగి నీళ్ళు వదలాలి. చివరి వీధి కుళాయి దగ్గర పరీక్షించినప్పుడు లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మూత విప్పి నెలల తరబడి మూలన పడేసిన బస్తాలో ఘాటు పోతుంది కాబట్టి 160 గ్రాములు వేశామని రిజిస్టర్లో రాసినంత మాత్రాన సరిపోదు. పాఠం చెప్పిన ఇంజనీరు చిన్న గాజు గొట్టంలో కుళాయి నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, పసుపు రంగు తేలడం అందరికీ చూపించి, ఆ గొట్టాన్ని శిక్షణకు వచ్చిన ఒక ట్యాంకు మనిషి చేతికే ఇచ్చి రెండోసారి అతని చేతనే చేయించారు. ఇంతకాలం తిట్లు తినడానికే ముందుకు పిలిచే మనిషిని పదిమంది ముందు పరీక్ష చేయడానికి పిలిస్తే అతని ముఖంలో వచ్చిన మార్పును చూసినవాళ్ళెవరికైనా, కింది సిబ్బందిని ఎలా కలుపుకుపోవాలో వేరే చెప్పనక్కరలేదు.

కనిగిరి, పామూరు, పొదిలి వైపు నుంచి వచ్చినవాళ్ళు ఫ్లోరైడ్ సంగతి ఎత్తారు. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చు. వేరే నీటి ఆధారం లేనిచోట 1.5 దాకా అనుమతిస్తారు. క్లోరిన్ కలిపితే ఫ్లోరైడ్ పోదు, కాచినా పోదు. నీళ్ళు కాచి తాగితే చాలునని పడమటి ఊళ్ళలో ఇప్పటికీ నమ్మేవాళ్ళు ఉన్నారు గనుక ఈ విషయాన్ని గ్రామసభలో ఎలా విడమరచి చెప్పాలో కూడా నేర్పి ఉంటే బాగుండేది. సమయం చాలక ఆ చర్చ మధ్యలోనే ఆగిపోయింది. ఈ జిల్లాలో జరిగే శిక్షణకు ఇది పక్క విషయం కాదు. వచ్చే విడతలో దీనికి ఒక పూట కేటాయించాలి.

రెండో రోజు ఉదయం నిధుల గురించి. పంచాయతీల ప్రణాళికలు, లెక్కల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో ప్రణాళిక ఎక్కించడం, సర్పంచ్, కార్యదర్శి డిజిటల్ కీలతో చెల్లింపులు చేయడం చాలామందికి తెలిసినవే కాబట్టి ఆ భాగం వేగంగా నడిచింది. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి కట్టుబడి ఉంటుందని, మిగిలిన 40 శాతాన్ని ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ జీతాలకు, కార్యాలయ నిర్వహణకు తీయకూడదని మరొకసారి స్పష్టం చేశారు. కొత్త సర్పంచులకు ఇది ఎంతో మేలు చేసింది. డబ్బు ఖాతాలో ఉండి కూడా కార్యదర్శి ఖర్చు పెట్టనివ్వడం లేదన్న అపోహ వల్ల సర్పంచ్‌కూ కార్యదర్శికీ మధ్య ఎన్నో ఊళ్ళలో పొరపొచ్చాలు వస్తుంటాయి. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్పడం ఈ శిక్షణలోని తెలివైన ఏర్పాటు.

ఇంటి పన్ను మీద జరిగిన చర్చ ఇంకా లోతుగా సాగింది. డిమాండ్, వసూలు, బకాయి పట్టికను మొత్తం పంచాయతీకి ఒకటిగా చూడకుండా వీధుల వారీగా విడదీసి రాయమన్నారు. అలా రాస్తే పేదల వీధుల్లో చిన్న మొత్తాలు ఏటా వసూలవుతూ, పెద్ద మేడలున్న వీధిలో పాత బకాయిలు పేరుకుపోవడం చాలా ఊళ్ళలో కంటికి కనబడుతుంది. ఆ బకాయిలు అడగడానికి కార్యదర్శికి నియమం తెలిసి ఉంటే సరిపోదు, గుండె నిబ్బరం కావాలి, సర్పంచ్ తోడు కావాలి. "ముందు పంచాయతీ సభ్యుల ఇళ్ళ పన్ను కట్టించండి, ఆ రసీదులతో మిగతా వీధుల్లోకి వెళ్ళండి" అని కందుకూరు వైపు నుంచి వచ్చిన ఒక సీనియర్ కార్యదర్శి చెప్పిన మాటను మేమంతా రాసుకున్నాం. శిక్షకుల నుంచి నేర్చుకున్నదానితో సమానంగా తోటి ఉద్యోగుల నుంచి నేర్చుకునే అవకాశం ఇక్కడ దొరికింది. దానికి నిర్వాహకులను మెచ్చుకోవాలి.

ఆ మధ్యాహ్నం మాత్రం నిరాశపరిచింది. పెద్ద కంపెనీల్లో వ్యక్తిత్వ వికాస తరగతులు చెప్పే ఒక వక్తను పిలిపించారు. ఇంగ్లీషులో ఉన్న స్లయిడ్లు, విదేశీ వ్యాపారవేత్తల విజయగాథలు, చప్పట్లు కొట్టించడం, కళ్ళు మూసుకొని లక్ష్యాన్ని ఊహించుకోమనడం వీటితోనే పొద్దు గడిచిపోయింది. ఆయన మాటకారితనాన్ని తప్పు పట్టడం లేదు. డ్రైనేజీ కాలువ మీద అరుగు కట్టుకున్న బలవంతుడికి నోటీసు ఇవ్వవలసిన మనిషికి ఆ కథల్లో పట్టుకోవడానికి ఏమీ దొరకలేదన్నదే నా బాధ.

ఆదర్శాల కోసం అంత దూరం పోనక్కరలేదు. 1992లో అప్పటి నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళే సారా దుకాణాన్ని మూయించారు. అక్కడ మొదలైన ఉద్యమం జిల్లా అంతటా, ఆ తరువాత రాష్ట్రమంతటా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలయ్యేదాకా ఆగలేదు. వాళ్ళకు పదవులు లేవు, హోదాలు లేవు. ఒక రాత్రిబడి, ఒక చర్చ, అందరూ కలిసి తీసుకున్న ఒక నిర్ణయం ఊరిని ఎలా కదిలించాయో చెప్పడానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంటుంది? ఈ జిల్లాకు పేరు ఇచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి కావడానికి ఎన్నో దశాబ్దాల ముందే రాజమండ్రి పురపాలక సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు. స్థానిక సంస్థలో నేర్చిన పని మనిషిని ఎంత ఎత్తుకు తీసుకుపోగలదో మన నేల మీదే సాక్ష్యం ఉండగా, మన సిబ్బందికి దాన్ని చెప్పకపోవడం పెద్ద లోటు.

మూడో రోజు ఈ శిక్షణకు ప్రాణం. ఆ రోజంతా నమూనా గ్రామసభ. మమ్మల్ని ఒక ఊరిగా మార్చి, ఒకరికి రైతు పాత్ర, ఒకరికి డ్వాక్రా సంఘం నాయకురాలి పాత్ర, ఒకరికి ప్రతిదానికీ అడ్డుతగిలే మనిషి పాత్ర ఇచ్చారు. నిజ జీవితంలో సర్పంచ్‌గా ఉన్న ఒకామె అధ్యక్ష స్థానంలో కూర్చున్నారు. ఆమెతో పాటు వచ్చిన భర్త, అలవాటు ప్రకారం, ప్రతి ప్రశ్నకూ వెనుక వరుస నుంచి తానే జవాబు చెప్పబోయారు. శిక్షకురాలు మర్యాద తప్పకుండానే, "అన్నా, ఈ గంటసేపు మీరు ఊరి పౌరుడు మాత్రమే. మీకు ప్రశ్న ఉంటే చెయ్యెత్తండి, సర్పంచ్‌గారు పిలుస్తారు" అన్నారు. ఆయన కొంత నొచ్చుకున్నా కూర్చున్నారు. కాసేపటికి నిజంగానే చెయ్యెత్తి, తమ వీధి కల్వర్టు ఎందుకు ఆగిపోయిందని అడిగారు. ఆమె తన ముందున్న కాగితం చూసి, ఏ పద్దు కింద ఎంత మిగిలి ఉందో చెప్పి, "ఈ ఏడు తాగునీటి పైపు పని ముందు, కల్వర్టు వచ్చే ప్రణాళికలో" అని నిదానంగా, స్పష్టంగా చెప్పారు. మహిళలకు సగం స్థానాలు కేటాయించిన రాష్ట్రంలో ఇలాంటి సాధన ప్రతి మండలంలోనూ జరగాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. ఆ గంటలో ఆమెకు దొరికిన ధైర్యం ఉపన్యాసాలు విన్నంత మాత్రాన దొరకదు.

తీర్మానాలు రాయడం కూడా అదే సభలో నేర్పారు. 'చర్చించి ఆమోదించడమైనది' అని ఒక్క ముక్క రాసి సంతకాలు చేయించే పద్ధతిని పక్కన పెట్టించి, ఎవరు ఏ సమస్య లేవనెత్తారు, ఏ అభ్యంతరం వచ్చింది, ఏం నిర్ణయించారు, బాధ్యత ఎవరిది, గడువు ఎప్పుడు అన్నవి మినిట్స్ పుస్తకంలో విడివిడిగా రాయించారు. మరుసటి గ్రామసభ వెనుకటి తీర్మానాలు చదవడంతోనే మొదలుకావాలన్నారు. రాష్ట్రమంతటా 13,326 పంచాయతీల్లో ఒకే రోజున, 2024 ఆగస్టు 23న, గ్రామసభలు జరిపిన అనుభవం మనకుంది. అంత పెద్ద ఏర్పాటు చేయగలిగిన యంత్రాంగానికి, ప్రతి సభలో రాసుకున్న మాట ఎంతవరకు నెరవేరిందో మరుసటి సభలో చెప్పడం అసాధ్యం కాదు.

వసతుల గురించి రెండు మాటలు. హాలు బాగుంది, మైకు బాగుంది, భోజనం శుభ్రంగా, రుచిగా ఉంది. పురుషులకు బస అదే ఆవరణలో ఇచ్చారు, మహిళలకు మాత్రం దూరంగా వేరే చోట ఇచ్చి, రాత్రి వేళ చేరడానికి వాహనం ఏర్పాటు చేయలేదు. సచివాలయ సిబ్బందిలో ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో తెలిసి కూడా ఇలా చేయడం సరికాదు. శిక్షణలో ఉన్నవాళ్ళకు కార్యాలయాల నుంచి నివేదికల కోసం ఫోన్లు వస్తూనే ఉండడం మరొక ఇబ్బంది; పంపించే అధికారులే ఆ మూడు రోజులు ఇన్‌ఛార్జిని పెట్టి, పంపినవారిని వదిలిపెట్టాలి.

ప్రభుత్వ ఉద్యోగుల ఆన్‌లైన్ శిక్షణకు ఉన్న ఐగాట్ కర్మయోగి వేదికలో పాఠాలు ఉండగా ఒంగోలు దాకా వెళ్ళడం ఎందుకని కొందరు అడిగారు. కేంద్రం 2020లో ఆమోదించిన మిషన్ కర్మయోగిలో భాగంగా వచ్చిన ఆ వేదిక ఫోన్లోనే అందుబాటులో ఉంటుంది, వీలున్నప్పుడు చదువుకోవచ్చు, పాఠం పూర్తిచేస్తే ధ్రువపత్రం వస్తుంది. నియమాలు, కొత్త పథకాలు, కంప్యూటర్ పనులు నేర్చుకోవడానికి దాన్ని వాడుకోమనే నేనూ చెబుతాను. కానీ కోపంగా ఉన్న జనం ముందు నిలబడడం, సర్పంచ్‌తో అభిప్రాయభేదం వచ్చినప్పుడు ఫైలు మీద ఏం రాయాలి, ఎదుట ఏం మాట్లాడాలి అన్నవి మనుషుల మధ్య సాధన చేస్తేనే వస్తాయి. ఈత నేర్చుకునేవాడు నీళ్ళలో దిగక తప్పదు కదా.

శిక్షణ తరువాత ఏమిటన్నదానికి మాత్రం నిర్వాహకుల దగ్గర జవాబు లేదు. చివరి గంటలో అభిప్రాయ పత్రాలు నింపించుకొని, ధ్రువపత్రాలు పంచి పంపించారు. మూడు నెలల తరువాత ఒక రోజు మళ్ళీ పిలిచి, నమూనా గ్రామసభలో నేర్చుకున్నది నిజమైన సభలో ఎలా సాగిందో అడిగితే ఈ శిక్షణ విలువ రెట్టింపు అవుతుంది. కొత్తగా చేరిన కార్యదర్శిని అనుభవమున్న ఒకరికి ఆరు నెలలపాటు జతచేస్తే ఇంకా మంచిది. పదోన్నతికి డిపార్ట్‌మెంటల్ పరీక్షలు, సీనియారిటీ ఎటూ చూస్తారు. ఎంపీడీఓ కార్యాలయంలో పెద్ద బాధ్యతకు వెళ్ళేలోగా మనిషికి నలుగురిని నడిపించడం వచ్చిందా అని ఎవరో ఒకరు శ్రద్ధగా గమనించి, తీర్చిదిద్దే ఏర్పాటు ఉండాలి.

వెళ్ళదలచినవారు మీ పంచాయతీ డీసీబీ (డిమాండ్, వసూలు, బకాయి) పట్టిక, వెనుకటి గ్రామసభ మినిట్స్ ప్రతి, ఈ ఏటి అభివృద్ధి ప్రణాళిక వెంట తీసుకువెళ్ళండి. అవి చేతిలో ఉన్నవాళ్ళే తరగతిలో ఎక్కువ లాభపడ్డారు. వీలైతే మీ సర్పంచ్‌గారిని కూడా తీసుకువెళ్ళండి, మహిళా సర్పంచ్ అయితే మూడో రోజు తప్పనిసరిగా ఉండేలా చూడండి. రెండో రోజు మధ్యాహ్నం మార్చకుండా అలాగే ఉంచితే, ఆ పూట వెనుక వరుసలో కూర్చుని పక్క మండలం కార్యదర్శితో మీ ఇంటి పన్ను బకాయిల సంగతి మాట్లాడుకోండి.